చెంచమ్మకు పెట్టని అన్నం

హజరత్తయ్య పొద్దున్నే తోటకూర ఉడకేసి, వంటింటి అలమరకు తాళం పెట్టి, తాళంచెవి మొలతాడుకు కట్టుకున్నాడు. అలమరలో బియ్యం, బెల్లం, అరటిపళ్ళు ఉన్నాయి. కొడవలూరు దగ్గర తరతరాలుగా వరి పండించే ఇల్లు అది. ఆ ఇంట్లో నెల రోజులుగా ఆయన భార్య చెంచమ్మకు అన్నం లేదు.

నెల కిందట ఆమెకు నెల్లూరులో పెట్ స్కాన్ తీయించారు. గ్లూకోజులాంటి మందు ఎక్కించి, ఒంట్లో ఏ భాగం దాన్ని ఎక్కువగా పీల్చుకుంటోందో చూసే పరీక్ష. క్లోమంలోని క్యాన్సర్ గడ్డ తెర మీద నిప్పుకణికలా మెరిసింది. అంతగా మెరుస్తోందంటే రోగం జోరు మీద ఉన్నట్టేనని, ఎక్కువ ఆశ పెట్టుకోవద్దని డాక్టరు హజరత్తయ్యనూ కూతురు వినీలనూ పక్కకు పిలిచి చెప్పాడు. గడ్డ చక్కెర తింటుందన్న ఒక్క మాటే హజరత్తయ్య మనసులో పాతుకుపోయింది. తిండి ఆపితే అదే చస్తుందనుకున్నాడు. చెంచమ్మకు మాత్రం కడుపులో పుండని చెప్పారు.

తడ దగ్గర బూట్ల ఫ్యాక్టరీలో పనిచేస్తూ అక్కడే హాస్టల్లో ఉంటున్న వినీల, అమ్మను రెండో విడత కీమోకు తీసుకెళ్ళడానికి ఆ ఉదయమే సెలవు మీద వచ్చింది. మంచం మీద అమ్మను చూసి గుమ్మంలోనే ఆగిపోయింది. జాకెట్టు భుజాల మీద నుంచి జారిపోతోంది. బుగ్గలు లోపలికి పోయాయి.

పక్కింటి రెబెక్కమ్మ పెరుగన్నం తెస్తే నాయన గుమ్మంలోంచే తిప్పి పంపాడని, అప్పటినుంచీ ఎవరూ రావడం లేదని చెంచమ్మ మెల్లగా చెప్పింది.

"జైల్లో అయినా అన్నం పెడతారంట గదా పాపా," అంది.

ఆసుపత్రిలో బరువు చూసి కీమో ఆపేశారు. ఈ ఒంటితో మందు తట్టుకోలేదన్నారు. చెంచమ్మను బయట కూర్చోబెట్టి తండ్రీకూతుళ్ళు లోపలికి వెళ్ళారు. ఏం పెడుతున్నారని డాక్టరు అడిగాడు. ఉడికించిన తోటకూర తప్ప ఇంకేమీ పెట్టడం లేదని హజరత్తయ్య గర్వంగానే చెప్పాడు. డాక్టరు పాత స్కాన్ తెర మీదికి తెచ్చి, గడ్డ ఒక్కటే కాదు, మెదడూ గుండే కూడా ఎలా మెరుస్తున్నాయో చూపించాడు. వాటికీ అదే చక్కెర కావాలన్నాడు.

"అన్నం మానిపిస్తే గడ్డ మాడదు పెద్దాయనా. ఆమె కండ కరిగించుకుని మరీ తింటుంది. మాడేది ఆమే."

ఇష్టమైనది కొంచెం కొంచెంగా పెట్టమని చెప్పి, తిన్నది అరగడానికి మాత్రలు రాసిచ్చాడు. ఒళ్ళు పుంజుకుంటే మళ్ళీ కీమో చూద్దామన్నాడు.

హజరత్తయ్య ఇంటికొచ్చాక కూడా తాళంచెవి తియ్యలేదు. డాక్టరేమన్నాడని చెంచమ్మ అడిగితే రక్తం తగ్గిందని చెప్పి వంటింట్లోకి నడిచాడు. మళ్ళీ తోటకూర తరగబోతుంటే వినీల కత్తిపీట పక్కకు లాగేసింది.

"చాలు నాయనా. తాళం తియ్యి."

"ఆ మంట నేను కళ్ళారా చూసినాను పాపా. కళ్ళు మూస్తే అదే కనపడతా ఉంది. నా చేత్తో దానికి మేత వెయ్యమంటావా?"

"మేత వెయ్యకపోతే పొయ్యేది అమ్మ. డాక్టరు చెప్పింది నువ్వు వినలా?"

గోడ పట్టుకుని చెంచమ్మ వంటింటి గడప దాకా వచ్చింది. వాళ్ళిద్దరూ ఆమెను చూసి ఆగిపోయారు.

"పుండుకు ఇంత మందు ఎక్కిస్తారా? నాకు ముందే తెలుసయ్యా," అంది. "మీరు చెప్పలేక చెప్పలేదులే అని ఊరుకున్నా. పొయ్యేదాన్ని ఎట్టా పోతా. ఆకలితో మాత్రం పంపించబాక."

హజరత్తయ్య మొలతాడు ముడి విప్పబోతే బిగుసుకుపోయి రాలేదు. వినీలే విప్పి, అలమర తీసి, బియ్యం కడిగి పొయ్యి మీద పెట్టింది.

అన్నం ఉడుకుతుండగా హజరత్తయ్య భార్యను పక్కన కూర్చోబెట్టుకుని అంతా చెప్పాడు. రోగం పేరు చెప్పాడు. తెర మీద చూసింది చెప్పాడు. ఎంతకాలమని ఆమె అడిగింది.

"చెప్పలేమన్నాడు. ఎక్కువ మాత్రం కాదన్నాడు."

చెంచమ్మ తల ఊపింది. ఏడవలేదు. ఆయన చెయ్యి తన చేతిలోకి తీసుకుంది. మణికట్టు ఎముక వేళ్ళకు గట్టిగా తగిలింది. చొక్కాలోంచి పొడుచుకొచ్చిన మెడ ఎముకలూ అప్పుడే కనిపించాయి. ఇన్నాళ్ళూ తన ఆకలిలో పడి ఆయన్ను సరిగ్గా చూడనే లేదు.

"వరి కయ్యల కాడ తినొస్తా ఉండానంటివే. ఏం తిన్నావు?"

హజరత్తయ్య చెయ్యి వెనక్కి తీసుకోబోయాడు. ఆమె వదల్లేదు.

"నీకు పెట్టకుండా నాకు గొంతు దిగలా," అన్నాడు.

చెంచమ్మకు ఆ రోజు మొదటిసారి కన్నీళ్ళు వచ్చాయి. "పిచ్చోడా," అంది.

వినీల రెండు పళ్ళేలు పెట్టి చారు పోసింది. హజరత్తయ్య మెత్తగా పిసికి మొదటి ముద్ద చెంచమ్మ నోటికి అందించాడు. ఆమె చాలాసేపు నమిలి మింగింది. తర్వాత తన వేళ్ళతో ఒక ముద్ద కలిపి ఆయన వైపు చాచింది. ఆయన తల అడ్డంగా తిప్పితే, "నేను పోయినాక తోటకూర ఉడకెయ్యడం తప్ప వండుకోవడం కూడా రాదు నీకు. ఇప్పుడైనా తిను," అంది.

హజరత్తయ్య నోరు తెరిచాడు.