మసక లేని అబద్ధం

సోమవారం ఉదయం పది గంటలకు ఇంజనీరు చనిపోయాడు. పదీ పదికి కూడా ఆయన స్కానర్ పనిచేస్తూనే ఉంది.

తలుపు తీసిన అటెండర్ ముందుగా చూసింది ఆ వెలుగునే. ఇంజనీరు బల్ల మీద తల వాల్చి ఉన్నాడు. కుడి చెయ్యి స్కానర్ అద్దం మీద బోర్లా పడి ఉంది. తెల్లటి వెలుగు గీత ఆ చేతి కిందుగా ఇటు నుంచి అటు పోతోంది, మళ్లీ వెనక్కి వస్తోంది. పక్కనున్న ప్రింటర్ ట్రేలో ముప్పై ఏడు కాగితాలు. అన్నిటి మీదా అదే అరచెయ్యి. ముప్పై ఎనిమిదోది మెల్లగా బయటికి వస్తోంది.

గుండె ఆగిందన్నాడు డాక్టర్. పెద్దాయన ఒప్పుకోలేదు.

పెద్దాయన గూఢచారి శాఖకు అధిపతి. శాఖలో ఆయనకు వేరే పేరు లేదు. ఆ మధ్యాహ్నం ఆయన ఎదుట కూర్చున్న ఏజెంటుకూ లేదు. మెకానిక్ అనేవారు అతన్ని. ఆరేళ్లుగా అతని వేషం అదే. నీలం చొక్కా, భుజాన టూల్ బ్యాగ్, గోళ్లలో టోనర్ మసి. కాపీ మెషీన్ బాగుచెయ్యడానికి వచ్చానంటే ఎంత రహస్యమైన ఆఫీసు తలుపైనా తెరుచుకునేది. మెషీన్ బాగుచేసేవాడి మొహం ఎవరూ చూడరు. ఇంకెంత సేపు అని మాత్రం అడుగుతారు.

ఇంజనీరు కనిపెట్టినవి మూడని పెద్దాయన చెప్పుకొచ్చాడు. మొదటిది పసుపు చుక్కలు. ఆయన ప్రింటర్లు ప్రతి కాగితం మీదా కంటికి ఆనని చుక్కలు చల్లేవి. వాటిని బట్టి ఆ కాగితం ఏ మెషీన్ కడుపున పుట్టిందో చెప్పొచ్చు. ఆ చుక్కల పుణ్యాన, కార్బన్ అనే విదేశీ ముఠా మనుషులు తొమ్మిది మంది జైలుకు పోయారు. రెండోది, పాత పుస్తకాన్ని వెన్ను విరవకుండా, సగం తెరిచి చదివే స్కానర్. మూడోది అన్నిటికన్నా గడుసుది. బీరువాడు పుస్తకాలను గోరంత చిప్‌లో ఇమిడ్చేస్తుంది. ఎలాగంటే, ప్రతి అక్షరాన్నీ విడివిడిగా దాచుకోదు. ఒక అంకెను ఒకసారి చూస్తే దాని బొమ్మ ఒకటి దాచుకుంటుంది. అదే అంకె మళ్లీ వచ్చిన చోటల్లా ఆ బొమ్మనే తెచ్చి అతికిస్తుంది.

"శనివారం నాకు ఫోన్ చేశాడు," అన్నాడు పెద్దాయన. "నా మెషీన్ అబద్ధమాడుతోంది సార్, అన్నాడు. వివరం అడిగేలోపు లైన్ కట్టయింది."

"చెడిపోయింది అనలేదా సార్?"

"అనలేదు. ఆయన మాట తూచి వాడే మనిషి."

ఆ మూడో మెషీన్ ఇప్పుడు ఆనకట్టల శాఖ రికార్డు ఆఫీసులో ఉంది. పెద్ద ఆనకట్ట గేట్ల పుస్తకాన్ని దానితో స్కాన్ చేశారు. నీరు ఏ మట్టానికి వస్తే ఏ గేటు ఎంత ఎత్తాలో గంట గంటకూ లెక్కకట్టిన ఆరు వందల పేజీల పట్టికలవి. ఇక మీదట గేట్లు మనుషులు ఎత్తరు. స్కాన్‌ని చదివి కంప్యూటరే ఎత్తుతుంది. ఇలాంటి రహస్యపు కాగితం రెండు చోట్ల ఉండకూడదని రూలు గనుక, గురువారం మధ్యాహ్నం పన్నెండుకల్లా అసలు పుస్తకం ముక్కల మెషీన్‌లో పడాలి.

"ఆనకట్ట కింద మూడు పట్టణాలున్నాయి. మొదటి దాంట్లోనే కదోయ్ మీ అక్క ఉండేది?"

"ఏటి ఒడ్డునే సార్. ఇల్లు మారమంటే వినదు."

"ఆ రికార్డు ఆఫీసులో మన మనిషి ఒకామె ఉంది. ఆమె చెప్పినట్టు చెయ్యి."

ఆ ఒకామెను శాఖలో పట్టు అనేవారు, మెడలో ఎప్పుడూ ఆకుపచ్చ పట్టు స్కార్ఫ్ ఉంటుంది గనుక. రెండేళ్లుగా కార్బన్ ముఠాలో దుబాసీగా చేరి, వాళ్ల గుట్టు ఇక్కడికి చేరవేస్తోంది. ఆమెను ఈ రికార్డు ఆఫీసులో తనిఖీ ఉద్యోగంలో తనే పెట్టానని ముఠా నమ్ముతుంది. శాఖ కూడా తనే పెట్టానని నమ్ముతుంది.

మంగళవారం ఉదయం మెకానిక్ ఆమె బల్ల ముందు బ్యాగ్ దించి, నల్ల టోనర్ ఉందా అని అడిగాడు. నలుపు నిండుకుంది, నీలంతో సరిపెట్టుకోండి అంది ఆమె తలెత్తకుండా. కోడ్ సరిపోయింది. ఆమె లేచి వరండాలో నడుస్తుంటే బల్లల వెనక గుమాస్తాలు చొక్కాలు సర్దుకున్నారు.

ముఠా కన్ను మెషీన్ డిజైన్ మీదే అని చెప్పిందామె. బుధ గురువారాల్లో ఇంజనీరు ల్యాబ్ తాళం పగలగొడతారు. మెషీన్‌లో ఏ లోపమూ లేదు, స్వయంగా పరీక్షించి సంతకం పెట్టింది కూడా తనే. ఇంజనీరుకు వయసు మీద పడి ఏదో భ్రమపడి ఉంటాడు, పాపం.

"నువ్వు తాళం మీద కన్నేసి ఉంచు, చాలు," అంది. "మిగతా ఊరంతా తిరిగి బాగుచెయ్యకు."

రెండు రోజులు అతను ఆ తాళానికి కాపలా ఉన్నాడు. స్క్రూడ్రైవర్ పిడిలో కెమెరా, చెవిలో రిసీవర్. కాకి కూడా వాలలేదు. గురువారం ఉదయం రేడియోలో ఎగువన వానలన్నారు. ఆనకట్టలో నీరు నూట నలభై నాలుగు మీటర్లకు చేరింది. మెకానిక్‌కి ఎక్కడో ఏదో కుదరలేదు. తాళాన్ని మరో ఏజెంటుకు అప్పగించి, పదిన్నరకు ఇంజనీరు ఇంటి తలుపు తట్టాడు.

ఇంజనీరు భార్య ఒక ప్రెస్సులో ముప్పై ఏళ్లు ప్రూఫులు దిద్దిన మనిషి. పేరు పోయి ప్రూఫమ్మ మిగిలింది. ముందు గదిలో ఒకే బల్లకు అటూ ఇటూ రెండు కుర్చీలు ఎదురెదురుగా ఉన్నాయి. ఒకటి ఖాళీగా ఉంది. మెకానిక్ దాంట్లో కూర్చోలేక నిలబడే మాట్లాడాడు.

కొత్త మెషీన్ తయారైతే మొదటి పేజీ ఇంటికే వచ్చేదట. ఆవిడ అసలు కాగితం పట్టుకుని పైకి చదివేది, ఆయన నకలు పట్టుకుని సరిచూసేవాడు. అదీ కింది వరస నుంచి పైకి, ఒక్కొక్క అంకే. పై నుంచి చదివితే తర్వాత ఏం వస్తుందో మనసు ముందే చెప్పేస్తుంది, కన్ను బద్ధకిస్తుంది. ప్రెస్సులో అందరూ అంకెల పట్టికలు అలాగే సరిచూసేవారు.

"పోయిన శుక్రవారం గేట్ల పుస్తకంలోంచి ఒక పేజీ తెచ్చారు నాయనా," అంది ఆవిడ. "ఏడో వరసలో నేను ఆరు అన్నాను. ఆయన ఎనిమిది అన్నారు. నీ అద్దాలు మార్చుకోవే అని నవ్వారు. ఇంకో నాలుగు వరసలు పోయాక నవ్వటం మానేశారు."

తర్వాత ఇంజనీరు ఆవిడకు అర్థమయ్యేలా చెప్పాడట. రెండు బొమ్మలు ఒకటో కాదో తేల్చే జల్లెడ ఒకటి మెషీన్ లోపల ఉంటుంది. ఆయన పెట్టిన కన్నాలు చాలా సన్నవి. ఎవరో వాటిని పెద్దవి చేశారు. దాంతో ఆరుకూ ఎనిమిదికీ తేడా జారిపోతోంది. ఆరు ఉన్న చోట దాచుకున్న ఎనిమిది బొమ్మ తెచ్చి అతికిస్తోంది. మసకగా పడితే ఎవరికైనా అనుమానం వస్తుంది. ఇది అద్దంలా పడుతుంది.

"ఆ పేజీ ఉందా అమ్మా?"

"సోమవారం ఆకుపచ్చ స్కార్ఫ్ అమ్మాయి వచ్చింది, ఆఫీసు నుంచట. నా చేతులు పట్టుకుని ఏడ్చింది. జరిగిందంతా చెప్పాను. ఎవరితోనూ అనొద్దండీ, మీ ప్రాణానికే ప్రమాదం అని ఆ కాగితాలు పట్టుకెళ్లింది."

మెకానిక్ మనసులో రోజులు లెక్కపెట్టుకున్నాడు. సోమవారమే అంతా విన్న మనిషి, మంగళవారం తనతో లోపమే లేదంది. దొంగ చేతికి తాళంచెవి ఇచ్చి, గుమ్మం ముందు తను కాపలా కూర్చున్నాడు.

నూట నలభై ఆరు మీటర్లకు గేట్లు ఎత్తాలి. నూట నలభై ఎనిమిది ప్రమాదపు గీత. ఆ ఆరును స్కాన్‌లో ఎనిమిదిగా చదివి కంప్యూటర్ నూట నలభై ఎనిమిది దాకా ఆగితే గేట్లు ఎత్తినా ఒకటే, ఎత్తకపోయినా ఒకటే. అసలు పుస్తకం ముక్కలైపోయాక, తప్పెక్కడుందో చెప్పడానికి లోకంలో కాగితమే ఉండదు.

పెద్దాయనకు ఫోన్ చేశాడు. ఆయన అంతా విని, నోటిమాట మీద సర్కారు ఆర్డర్ ఆపలేనన్నాడు. అసలు పేజీ, స్కాన్ పేజీ పక్కపక్కన పెట్టి రికార్డు అధికారి చేత ఒప్పిస్తే ఆ క్షణం ఆపుతానన్నాడు. అప్పటికి పదకొండు దాటింది.

"చెప్పులేసుకోండమ్మా," అన్నాడు మెకానిక్. "ఒక పేజీ చదవాలి."

రికార్డు ఆఫీసు వెనక రేకుల షెడ్డులో ముక్కల మెషీన్ ఉంది. దాని మోత వీధిలోకే వినిపిస్తోంది. గేట్ల పుస్తకం వెన్ను అప్పటికే కోసేశారు. విడి కాగితాలు కట్టలు కట్టలుగా నడిచే బెల్టు మీద పోతున్నాయి, అటు చివర దూదిలా రాలుతున్నాయి. ఆపరేటర్ చెవుల్లో బిళ్లలు పెట్టుకుని, పక్క స్టూలు మీద నీళ్ల జగ్గు పెట్టుకుని, లోకంతో పనిలేకుండా కట్టలు అందిస్తున్నాడు. రికార్డు అధికారి స్కాన్ ప్రతి చేత్తో పట్టుకుని పేజీ నంబర్లకు టిక్కులు పెడుతున్నాడు. ఎక్కడైనా మసక ఉందేమోనని ముగ్గురు మనుషులు పేజీ పేజీ చూశారనీ, ఎక్కడా లేదనీ ఆయన ధీమా.

పట్టు ఆయన పక్కనే ఉంది. మెకానిక్ వెనక వస్తున్న ప్రూఫమ్మను చూసింది. స్కార్ఫ్ మెడ నుంచి తీసి కుడి చేతికి చుట్టుకుంటూ అతని దగ్గరికి వచ్చింది. ఆ చుట్ట కింద గట్టిదేదో అతని పక్కటెముకలకు ఆనింది.

"ఇంకో ఎనిమిది నిమిషాలు," అంది చెవి దగ్గరగా. "కదలకు. ఈ మోతలో దీని చప్పుడు ఎవరికీ వినపడదు. తర్వాత పోయి మీ అక్కను ఊరు దాటించుకో. కలిసి పనిచేసినందుకు ఆ మాత్రం చేస్తున్నా."

"ఇంజనీరుకు ఏం చేశావు?"

"కాఫీ," అంది పట్టు. "చక్కెర లేకుండా."

గోడ గడియారం పదకొండూ యాభై రెండు. బెల్టు మీదా పక్కనా ఇంకా ఐదారు కట్టలు మిగిలాయి. పై కాగితం మీద పట్టిక మెకానిక్‌కి కనిపిస్తూనే ఉంది. ఆరేళ్లలో అతను కొన్ని వేల మెషీన్లు బాగుచేశాడు. అవి ఎందుకు ఆగిపోతాయో అతనికన్నా ఎరిగినవాడు లేడు. వాన చెమ్మ తగిలిన ఒక్క కాగితం చాలు. రోలర్లు దాన్ని మింగలేవు, కక్కలేవు.

అతను ఆవిడ వైపు చూడకుండానే, గొంతు పెంచి మామూలుగా అడిగాడు. "అమ్మా, అచ్చు సిరా నీళ్లకు కరుగుతుందా?"

"పాత అచ్చు నాయనా. నానబెట్టినా కరగదు."

మెకానిక్ చెయ్యి చాచి జగ్గు ఎత్తి కట్ట మీద కుమ్మరించాడు.

మెషీన్ మొదటి తడి కాగితాన్ని పట్టుకుంది. మూలిగింది. రోలర్లు జారాయి, కాగితం చుట్టలు చుట్టుకుని పళ్ల మధ్య పేరుకుంది. బెల్టు ఒకసారి ఉలిక్కిపడి ఆగింది. షెడ్డంతా ఒక్కసారి నిశ్శబ్దమైపోయింది. బయట పంపు దగ్గర నీటి చుక్క పడటం కూడా వినపడుతోంది.

పట్టు వేలు ట్రిగ్గర్ మీదే ఉంది. కానీ దాని చప్పుడును కప్పే మోత ఇప్పుడు లేదు. ఆపరేటర్ చెవి బిళ్లలు తీసి వాళ్లిద్దరినీ తేరిపార చూస్తున్నాడు. వరండాలో కాపలావాళ్లు ఇటు తిరిగారు. ఆ ఒక్క క్షణం ఆమె తటపటాయించింది. మెకానిక్ ఆమె మణికట్టు మెలిపెట్టి, స్కార్ఫ్‌తో సహా పిస్తోలు లాక్కున్నాడు.

రికార్డు అధికారి మండిపడ్డాడు. తడిసిన సర్కారు కాగితానికి ఎవరు జవాబుదారీ అన్నాడు. ప్రూఫమ్మ ఆయన మాట పట్టించుకోలేదు. బెల్టు మీది పై కాగితం రెండు వేళ్లతో విడదీసి, వెలుగుకు పట్టి, పేజీ నంబరు చెప్పి, నీ ప్రతి తియ్యి బాబూ అంది. ఆ గొంతులో ఏముందో గాని ఆయన తీశాడు.

"కింది వరస. నూట నలభై ఆరు."

"నూట నలభై..." అధికారి ఆగాడు.

"ఆగకూడదు. ఏది కనిపిస్తే అదే చదవాలి."

"...ఎనిమిది."

"పై వరస. ముప్పై ఆరు."

"ముప్పై ఎనిమిది."

"దాని పైది. అరవై ఒకటి."

ఆయన చదవడం మానేసి కాగితాన్ని కళ్ల దగ్గరకు తెచ్చుకున్నాడు. ఆవిడ ఒక నిమిషం చూసి, కుర్చీ తెచ్చుకుని కూర్చుని, మొదటి నుంచి మళ్లీ అంది. అధికారి చదివాడు. ఈసారి చదువుతూనే రెండో చేత్తో ఫోన్ అందుకున్నాడు. పదకొండూ యాభై తొమ్మిదికి ఆర్డర్ ఆగింది.

ముక్కలైపోయిన పేజీలు తొంభై. అవి పాత సంవత్సరాల పట్టికలు. మిగిలిన వాటిని అధికారి, ప్రూఫమ్మ ఎదురెదురుగా కూర్చుని, తడివి దండేనికి ఆరేసుకుంటూ, సాయంత్రం దాకా చదివారు. పట్టును తీసుకెళ్తుంటే ఆవిడ తలెత్తి చూడలేదు. వరస తప్పుతుందని.

మర్నాడు ఉదయం నీరు నూట నలభై ఆరుకు చేరగానే మనుషులే వెళ్లి గేట్లు ఎత్తారు. మెకానిక్ అక్క ఫోన్ చేసి, ఏటి హోరుకు చెవులు చిల్లులు పడుతున్నాయనీ, ఈ సర్కారుకు వేళాపాళా లేదనీ తిట్టింది. అతను శ్రద్ధగా విన్నాడు.

తర్వాత పెద్దాయన ఫోన్.

"బాగా చేశావోయ్. రిపోర్టు రాసి, స్కాన్ చేసి పంపించు."

అటు వైపు పెద్దాయన దగ్గాడు.

"వద్దులే. నువ్వే వచ్చి చదువు, వింటాను."

"కింది నుంచి పైకా సార్?"

పెద్దాయన ఫోన్ పెట్టేశాడు.