కింద పెట్టని కప్పు

పక్కింటి ఉమ్మ్ ఖల్ఫాన్ అన్నదని చేపల బజారంతా చెప్పుకున్న మాట ఇది: "ఘానిమ్ ముసలాడింట్లో ఎత్తు మడమల చెప్పుల పిల్ల దిగింది. ఇసుకలో వాటితో ఎట్లా నడుస్తుందో గానీ, ముసలాడు మాత్రం గడ్డానికి రంగేశాడు."

ఆ మాట తిరిగి తిరిగి రహస్య విభాగం చెవిన పడింది.

"టార్గెట్, సముద్రపు నీళ్లని మంచినీళ్లు చేసే ప్లాంట్," అన్నాడు చీఫ్. "సాయంత్రం నాలుగున్నరకి క్లోరిన్ వందరెట్లు పెంచే రిమోట్ సిగ్నల్ వెళ్తుంది. ఊరంతా తాగేది ఆ నీళ్లే. సిగ్నల్ వెళ్లేది ఘానిమ్ ఇంటి నుంచి. ముప్పై ఏళ్లు అక్కడ వాల్వులు తిప్పినవాడు. మైకు పెట్టు. ఏమీ అడక్కు. దాడికి కోడ్ 'ముత్యం'."

"ఆ పిల్ల?"

"నాదీన్. పంపుల ఇంజనీరు. మన మనిషే, నెలనెలా రిపోర్టులిస్తుంది."

ఏజెంట్ సుహైల్ మైకు అందుకుంటూ ఆగాడు. "ఘానిమ్ మా నాన్న స్నేహితుడు సార్."

"అందుకే నిన్ను పంపేది."

కొండల ఊరి నుంచి వచ్చిన సుహైల్‌ని ఘానిమ్ ముక్కుకి ముక్కు ఆనించి పలకరించాడు. "మీ నాన్న ముక్కేరా అబ్బాయ్! గుమ్మంలోకి ముందు అదే వచ్చింది." మూల కొయ్యమీది డేగ తల తిప్పింది. సెంటు ఘుమాయిస్తూ నాదీన్ ఎదురుగా కూర్చుంది.

ఘానిమ్ కాఫీ పోశాడు. ఏదైనా అడగడానికి వచ్చినవాడు ఆ కప్పు తాగకుండా కింద పెట్టడం అక్కడి ఆచారం. 'తాగు, నీ పని అయినట్టే' అనాల్సింది ఇంటాయన.

సుహైల్ కింద పెట్టలేదు. మూడుసార్లు పోయించుకుని తాగి, చాలన్నట్టు కప్పు ఊపాడు.

"పనేం లేదా?" ముసలాయన అతని కళ్లలోకే చూశాడు.

"ఊరికే, చూసి పోదామని బాబాయ్." ఆ మాట అంటూనే దిండు కింద మైకు అంటించాడు.

నాలుగూ ఇరవైకి చీఫ్, సుహైల్ బయట వ్యాన్‌లో వింటుంటే బీప్ బీప్‌మని చప్పుడు.

"ముత్యం!" అన్నాడు చీఫ్.

బూట్లు తివాచీ తొక్కాయి. ఘానిమ్‌ని గోడకేసి నిలబెట్టారు. ఆడవాళ్ల గదిలో పెట్టెలు బోర్లించారు. ఆయన కూతురి పెళ్లిబట్టలు సుహైల్ చేతుల్లోంచే నేలమీద పడ్డాయి. నాలుగూ ఇరవై తొమ్మిది. దొడ్డిగుమ్మం తెరిచి ఉంది. నాదీన్ లేదు.

"అంతా ఎక్కడ వెతుకుతున్నార్రా?" గోడవైపే చూస్తూ అడిగాడు ఘానిమ్. "ఆ అమ్మాయి డేగ కింద ఏదో పెట్టింది, చూడండి."

సుహైల్ కొయ్య కింద చెయ్యి పెట్టాడు. డేగ వేలు కొరికింది. రక్తం కారుతున్న చేత్తోనే, బీప్‌మంటున్న చిన్న పెట్టెని బయటికి లాగి వైరు పీకాడు. దాని తెరమీద తగ్గుతూ వస్తున్న సెకన్ల అంకె ఒకటి దగ్గర ఆగిపోయింది.

నాదీన్ వీధి మలుపులో దొరికింది. చెప్పు మడమ ఇసుకలో దిగబడిందట.

చీఫ్ గొంతు సర్దుకున్నాడు. "పెట్టె సంగతి తెలిసీ ముందే ఎందుకు చెప్పలేదు?"

ఘానిమ్ చీఫ్‌ని చూడలేదు. తివాచీ మీద బూటు మరకలు చూశాడు, తర్వాత సుహైల్‌ని చూశాడు.

"ఇంటికొచ్చిన మనిషి మూటలో ఏముందని నా అంతట నేను నోరెత్తనురా. కప్పు కింద పెట్టి అడిగుంటే చెప్పేవాణ్ణి. నువ్వు మూడు కప్పులూ తాగేశావు."