మళ్లీ వస్తానన్న నాగబాబు

గవ్వలదిబ్బ పేరెత్తితే ఒడ్డున జాలర్లు ఇప్పటికీ మాట మార్చేస్తారు. సముద్రంలో చిన్న దీవి అది. తెరచాప పడవలకి రేవు కట్టారు. పక్కన లైట్‌హౌసు, సిమెంటు తాబేలు, గవ్వల మ్యూజియం. అన్నీ ఉన్నాయి — జనం తప్ప. చీకటి పడితే ఆ మ్యూజియంలో ఒక దీపం తిరుగుతుందట... పగలంతా చూడ్డానికి ఒక్కరూ రాకపోయినా, తెల్లారేసరికి సందర్శకుల పుస్తకంలో కొత్త పేర్లు ఉంటాయట.

అక్కడ ఊడ్చే తాయారు ఇదేదీ నమ్మలేదు — ఓ పొద్దున దుమ్ము దులుపుతూ ఆ పుస్తకం తెరిచేదాకా.

నాగబాబు, తండ్రి అప్పన్న. "అద్భుతంగా ఉంది. మళ్లీ వస్తాను." కింద సంతకం.

తాయారు కూడబలుక్కుంటూ మళ్లీ చదివింది. నాగబాబు ఆమె మొగుడు. మూడేళ్ల కిందట వేటకెళ్లి శవమై ఒడ్డుకి కొట్టుకొచ్చాడు. బతికున్నన్నాళ్లూ వేలిముద్రే... సంతకం ఎప్పుడు నేర్చాడు? చచ్చాక తీరిక దొరికిందేమో!

ఆ సాయంత్రం ఆమె పనివాళ్ల పడవ ఎక్కలేదు. భయం లేక కాదు. మూడేళ్ల కిందట చెప్పకుండా వెళ్లిపోయిన మనిషిని ఒక్కసారి నిలదీయాలని. శంఖాల బీరువా వెనక నక్కి కూర్చుంది.

గాలి... అలల హోరు... అర్ధరాత్రి దాటింది.

తలుపు కిర్రుమంది. దీపం లోపలికొచ్చింది. అడుగులు బల్ల దగ్గర ఆగాయి. పేజీ తిప్పిన చప్పుడు... కలం గీకుతున్న చప్పుడు...

"ఏటయ్యా... వచ్చినావా?" అంది తాయారు, బీరువా వెనక నుంచే.

"అమ్మబాబోయ్!"

మొగుడు కాదు. మేనేజరు గురుప్రసాద్. నరసన్నపేటలో ఉంటాడు, పగటిపూట దీవికి ఎప్పుడో గాని రాడు. చేతిలో సెల్‌ఫోను లైటు, చంకలో కాగితాల కట్ట.

"ఎవరు నువ్వు?"

"నాగబాబు పెళ్లాన్ని బాబూ. ఇక్కడే ఊడుస్తాను. ఆయన పేరు మీరే రాసినారా?"

గురుప్రసాద్ నుదురు తుడుచుకున్నాడు. "ఏటి సెయ్యమంటావు? నెలకి రెండువేల మంది వచ్చినట్టు సూపించకపోతే మూసేస్తామంటన్నారు పైవాళ్లు. బతికున్నోళ్ల పేర్లు రాస్తే ఫోన్ చేసి అడుగుతారు. అందుకే ఓటర్ల జాబితాలో కొట్టేసిన పోయినోళ్ల పేర్లు రాస్తన్నాను. వాళ్లయితే కాదనరు."

తాయారుకి ఏడుపూ వచ్చింది, నవ్వూ వచ్చింది. "ఆయన్ని తీసీండి బాబూ. సంతకం రానోడు."

"తీసేస్తాను తల్లీ. ఇంతకీ నీ పేరేటి?"

"తాయారు."

ఆయన చంకలోని జాబితా విప్పి నాగబాబు పేరు మీద పెట్టిన వేలు కింది వరసకి జారి... ఆగిపోయింది.

తాయారు, భర్త నాగబాబు. మరణించారు.

ఆయన కాగితం చూశాడు. ఆమెని చూశాడు. మళ్లీ కాగితం చూశాడు. దాని మీద ఆఫీసు ముద్ర ఉంది.

"నేను బతికే ఉన్నాను బాబూ!"

"అందరూ... అలాగే అంటారు తల్లీ..."

ఒకటే పరుగు. రేవులో పడవ మోటారు మోత.

కాగితం నేల మీద పడి ఉంది. లైట్‌హౌసు వెలుతురు కిటికీ మీదుగా తిరిగినప్పుడల్లా తాయారు ఒక్కో ముక్కా కూడబలుక్కుని చదివింది. తన పేరే. తన ఇంటి నంబరే.

ఎందుకైనా మంచిదని, చెయ్యి గుండె మీద వేసి చూసుకుంది... ఇంకాస్త గట్టిగా అదిమి చూసుకుంది.