పట్టు వదలని రోలర్

సెలవు రోజు కావడంతో కాగితం ఫ్యాక్టరీలో ఒక్క ట్యూబ్‌లైటే వెలుగుతోంది. బయట మధ్యాహ్నమే, కానీ ముసురు పట్టి లోపలంతా మసక. తడిసిన అట్టల వాసన, గ్రీజు వాసన.

"త్వరగా కానియ్యమ్మా. పొద్దున్నే తనిఖీవాళ్లు దిగుతారు," అన్నాడు మేస్త్రీ.

"మీరు లోపలికి రారా?"

"ఇక్కడే ఉంటాలే." గుమ్మం దాటలేదు.

మోటార్లు బాగుచేసే ఆ అమ్మాయి టార్చి పట్టుకుని చివరి మెషీన్ దగ్గరికి నడిచింది. మూడు వారాల క్రితం ఆమె బాబాయి పోయింది దాని దగ్గరే. చిన్నప్పుడు ఆమె చేతికి మొదటి స్క్రూడ్రైవర్ ఇచ్చిందీ, ఇక్కడ పనిలో పెట్టించిందీ ఆయనే.

కాగితాన్ని లాగే రోలర్లని తిప్పేది సర్వో మోటార్. దాన్ని నడిపే యాంప్లిఫయర్‌ని మూడు రకాలుగా పెట్టొచ్చు. టార్క్ మోడ్‌లో మోటార్ చెప్పినంత బలంతోనే లాగుతుంది, గట్టిగా ఎదురు లాగితే లొంగుతుంది. స్పీడ్ మోడ్‌లో చెప్పిన వేగాన్ని వదలదు. పొజిషన్ మోడ్‌లో చెప్పిన చోటికి వెళ్లి బిగుసుకుపోతుంది, వెంట్రుకవాసి కూడా కదలదు. ఈ మెషీన్ ఏళ్ల తరబడి టార్క్ మోడ్‌లోనే నడిచింది. కాగితం కొలతలు తేడా వస్తున్నాయని యజమాని గొణిగితే, ఆమే పొజిషన్‌కి మార్చింది. అరగంట పని.

"ఇది మునుపట్లా మాట వినట్లేదే అమ్మడూ," అన్నాడు బాబాయి మర్నాడు. ఆమె నవ్వేసింది.

నాలుగో రోజు ఆయన చొక్కా చెయ్యి రెండు రోలర్ల మధ్య చిక్కి, భుజందాకా లోపలికి పోయింది. ఎవరో స్టాప్ నొక్కారు. రోలర్ ఆగింది. ఆగింది గానీ, వదల్లేదు. మెయిన్ స్విచ్ ఆపేదాకా ఆయన చెయ్యి లాక్కుంటూనే ఉన్నాడు.

తనిఖీకి ముందే గుట్టుగా పాత మోడ్‌కి మార్చెయ్యమన్నాడు యజమాని. ఆమె తలూపింది. అప్పట్నుంచి కంటిమీద కునుకు లేదు.

స్విచ్ వేసింది. మోటార్ సన్నగా రొద పెట్టింది. రోలర్ బిగుసుకుంది. ఖాళీ మెషీన్‌కి యాంప్లిఫయర్ తెర మీద లోడ్ శాతం సున్నా దగ్గరే చూపించాలి.

ముప్పై... నలభై... తగ్గింది. మళ్లీ నలభై.

ఎవరో లాగి, ఊపిరి తీసుకుని, మళ్లీ లాగుతున్నట్టు.

స్పీడ్ మోడ్‌లో పెట్టి వేగం సున్నా ఇచ్చింది. రోలర్ కిర్రుమంది. అరవై... డెబ్భై...

మళ్లీ మార్చింది. టార్క్ మోడ్. బలం సున్నా.

రొద ఆగిపోయింది. రోలర్ దానంతటదే వెనక్కి తిరిగింది. పావు చుట్టు. ఇంకో పావు. మెల్లగా... నొప్పెట్టకుండా చెయ్యి బయటికి తీసుకుంటున్నట్టు. ఆగింది.

గాలిలో బాబాయి భుజానికి రాసుకునే నొప్పుల తైలం వాసన. చెవి పక్కనే గుసగుస.

"ఆ రోజే మార్చాల్సింది కదా, అమ్మడూ..."

ఆ గొంతులో కోపం లేదు. అందుకే ఆమె ఒళ్లు చల్లబడింది. వెనక్కి తిరగలేకపోయింది.

"చెప్పేస్తాను బాబాయ్," అంది. "మార్చింది నేనేనని. ఇప్పుడు గుట్టుగా ఎవరు మార్చమన్నారో కూడా."

వాసన మెల్లగా పలచబడింది. ఆమె మెయిన్ ఆపేసి గుమ్మం వైపు నడిచింది. గుండెల మీద బరువు కాస్త దిగినట్టనిపించింది.

గుమ్మం పక్కన నిన్న లారీలో దిగిన కొత్త మెషీన్ ఉంది. యాంప్లిఫయర్ బిగించలేదు, ఒక్క వైరూ కలపలేదు. దాని మీద కప్పిన ప్లాస్టిక్ కవరు చిటపటమంది.

ఆమె టార్చి వేసింది. కవరు కింద రోలర్ కొంచెం వెనక్కి కదిలింది. ఆగింది... మళ్లీ కదిలింది.

"దీని మీద ఎవరైనా పనిచేశారా? ఎవరికైనా ఏమైనా అయిందా?" గుసగుసగా అడిగింది.

"లేదమ్మా, ఇంకా ఎవరూ ముట్టుకోలేదు. రేపట్నుంచి నన్నే చూసుకోమన్నారు," అన్నాడు మేస్త్రీ.

ప్లాస్టిక్‌కి లోపలి వైపు, మనిషి నోరంత మేర, ఆవిరి పట్టి ఉంది.