పూజకు ముందు తీసిన స్నాప్‌షాట్

ధన్! ధన్! ధన్!

తలుపు ఊగిపోతోంది.

"ఏమ్మా! తీస్తావా, పగలగొట్టమంటావా?"

బయట నందీశ్. బాగేపల్లి కోల్డ్ స్టోరేజీ మేనేజరు. పది నిమిషాల ముందు దాకా 'మేడం, టీ తెప్పించేదా?' అని అడిగిన మనిషి!

లోపల నేత్ర. సర్వర్ రూము గడియకు అడ్డంగా ఇనుప కుర్చీ తోసి, ల్యాప్‌టాప్ ముందు నేల మీద కూలబడింది. టైపింగ్ ఆగడం లేదు.

"నువ్వు ఆంజనేయప్ప కూతురంట గదా! ఆ వాచ్‌మన్ కూతురంట గదా! ఇప్పుడే ఫోనొచ్చింది నాకు. సర్వర్ చెడగొట్టేకి వచ్చినావా?"

తెలిసిపోయింది!

ఆంజనేయప్ప ఐదు నెలలుగా జైల్లో ఉన్నాడు. చింతపండు నిల్వ పెట్టే ఈ కోల్డ్ స్టోరేజీలో ఒక రాత్రి అమోనియా గ్యాస్ లీకైంది. రామకృష్ణప్ప అనే హమాలీ లోపలే ఊపిరాడక చచ్చిపోయాడు. మోగుతున్న అలారం నోరు నొక్కింది వాచ్‌మనే అన్నారు. రిజిస్టర్లో ఆంజనేయప్ప సంతకం ఉంది. పోలీసులు అడిగితే 'నేనే' అన్నాడు. ఇంకొక్క ముక్క మాట్లాడలేదు.

నేత్ర నమ్మలేదు. డ్యూటీలో కునుకు తీయని మనిషి అలారం ఆపేస్తాడా? అబద్ధం! ఎవరో బెదిరించారు. లీకైన రెండు వారాలకే తొండేభావి నుంచి ఈ నందీశ్‌ను తెచ్చి కుర్చీలో కూర్చోబెట్టారు. పోలీసులు కెమెరా ఫుటేజీ అడిగితే, చూసి 'లేదు సార్' అన్నాడు.

ఎట్లా లేకుండా పోతుంది?

ఇప్పుడు ఈ సర్వర్‌ను క్లౌడ్‌కు మారుస్తున్నారు. ఆ పని చిక్కబళ్ళాపురలో నేత్ర పనిచేసే కంపెనీకే వచ్చింది. అడిగి మరీ తీసుకుంది. టైము రాత్రి ఏడున్నర. రేపు పొద్దున్నే పాత సర్వర్ పాత సామాన్లు కొనే గుజరీ వాడి ఆటో ఎక్కుతుంది.

ఈ గంటే ఆఖరు!

పక్కన తమ్ముడు పునీత్. ఎలక్ట్రీషియన్. వైర్లు విప్పడానికి తోడు తెచ్చుకుంది. వాడి మొహంలో నెత్తుటి చుక్క లేదు.

"అక్కా, పోదాం పద. ఏముంటాది దాంట్లో? వీడియో ఎప్పుడో పోయింది గదా!"

"నువ్వుండరా!"

స్క్రీన్ నిండా ఎర్ర అక్షరాలు. క్లౌడ్‌కు పంపిన వీఎం లేవనంటోంది. బూట్ డిస్క్ కనబడలేదట! మూడుసార్లు పంపింది. మూడుసార్లూ అదే మొండితనం.

వీఎం అంటే మరేం కాదు. ఒక కంప్యూటర్ కడుపులో కాపురముండే ఇంకో కంప్యూటర్. దాని డిస్క్ మొత్తం ఒక ఫైలు. దాన్ని మోసుకెళ్ళి క్లౌడ్‌లో దించితే అక్కడ లేచి నడవాలి. లేవలేదంటే... ఫైలు సగమే వెళ్ళిందన్నమాట.

సగం!

నేత్ర ఫోల్డర్ తెరుస్తుంది.

ఒకటి కాదు... రెండు ఫైళ్ళు! క్లౌడ్‌కు మార్చే మైగ్రేషన్ టూలు చిన్నదాన్ని మాత్రం మోసుకెళ్ళి, పెద్దదాన్ని ఇక్కడే వదిలేసింది. ఆ పెద్దదాని తేదీ చూస్తుంది. ఆయుధ పూజకు ముందు రోజు. సాయంత్రం ఐదు నలభై.

ఆ తేదీని మళ్ళీ చదువుతుంది.

పూజ రోజు ఇక్కడ మెషిన్లన్నీ ఆపేస్తారు. కంప్రెసర్ నుంచి సర్వర్ దాకా అన్నిటికీ కుంకుమ పెట్టి, పూలు వేసి, దండం పెట్టి మళ్ళీ ఆన్ చేస్తారు. ఆపిన సర్వర్ మళ్ళీ లేవదేమోనని పాత ఆపరేటర్ ఎవరో భయపడ్డాడు. ముందు రోజే స్నాప్‌షాట్ తీసి పెట్టుకున్నాడు. పూజ అయింది. బొరుగులు పంచారు. మహానుభావుడు బొరుగులు నములుతూ ఇంటికి పోయాడు... స్నాప్‌షాట్ తీసేయడం మరిచిపోయి!

వాడి కడుపు చల్లగుండ!

స్నాప్‌షాట్ తీసిన క్షణం నుంచి పాత ఫైల్లో ఒక్క అక్షరం కూడా మారదు. ఆ తర్వాత రాసినా, చెరిపినా అంతా పక్కనున్న చిన్న ఫైల్లోకే పోతుంది. గ్యాస్ లీకైంది పూజకు మూడు రోజుల ముందు. వీడియోను ఎవడో చెరిపింది పూజ తర్వాత అయితే...

చెరిపింది చిన్న ఫైల్లో మాత్రమే!

పెద్ద ఫైల్లో ఆ రాత్రి అట్లాగే ఉంది!

"పునీత్! ఉండాదిరా! వీడియో ఉండాది!"

వాడు వెనక్కి జరిగి గోడకు ఆనుకున్నాడు.

ఠప్!

చీకటి.

నందీశ్ మెయిన్ ఆపేశాడు. మూలనున్న యూపీఎస్ కీచుమంటోంది. సర్వర్ ఇంకా బతికే ఉంది. ఎంతసేపు? ఆరు నిమిషాలు. మహా అయితే ఏడు.

"నీ ఫోన్లో నెట్ ఆన్ చేయరా, తొందరగా!"

"చార్జి లేదక్కా."

నేత్ర తన ఫోనే తగిలిస్తుంది. పెద్ద ఫైలును చదవడానికి మాత్రమే తెరుస్తుంది. తేదీ. కెమెరా రెండు. కంప్రెసర్ రూము.

దొరికింది!

ముందు పంపించాలి. చూడ్డం తర్వాత. తలుపు పగిలితే ల్యాప్‌టాప్ లాక్కుంటారు. చింతామణి ఊళ్ళో ఉండే లాయరు సుజాతమ్మకు లింకు పెడుతుంది. అప్‌లోడ్ పూర్తయిన మరుక్షణం ఆమె ఫోనుకు దానంతట అదే వెళ్తుంది. నాయన కేసు ఆమెదే. ఈ ఐదు నెలల్లో పునీత్ ఒక్కసారి కూడా ఆమె ఆఫీసు మెట్లెక్కలేదు. ఎప్పుడు పిలిచినా పనుందనేవాడు.

ఎంటర్!

పదకొండు శాతం... ఇరవై...

"గడారి తేండ్రా!" బయట నందీశ్ గడ్డపార కోసం అరుస్తున్నాడు.

నేత్ర ఆ వీడియోనే పక్కన ప్లే చేస్తుంది. ఎవడు వస్తాడో చూడాలి. నాయన చేయి ఎవడు పట్టుకున్నాడో చూడాలి.

కంప్రెసర్ రూము. కుర్చీలో వాచ్‌మన్ ఖాకీ కోటు. వీపు మాత్రమే కనిపిస్తోంది. గోడ మీద ఎర్రదీపం వెలిగి ఆరుతోంది. అలారం!

ఖాకీ కోటు విసుగ్గా లేస్తుంది. ప్యానెల్ దగ్గరికి నడుస్తుంది. జేబులోంచి టెస్టర్ తీస్తుంది. ఒక స్క్రూ. ఒక వైరు. అంతే. ఎర్రదీపం ఆరిపోతుంది.

టెస్టర్?

నాయనకు బల్బు మార్చడం కూడా రాదు!

ఖాకీ కోటు వెనక్కి తిరుగుతుంది.

పునీత్!

నేత్ర మెల్లగా పక్కకు చూస్తుంది. వాడు గోడకు ఆనుకుని ఏడుస్తున్నాడు.

"నాయన ఆ పొద్దు కైవారానికి పోయిండె అక్కా, భజనకు. నువ్వు పెండ్లై పోయినాక ఎప్పుడూ ఇట్లే. ఆయన సంతకం పెట్టి పోతాడు. నేను కోటేసుకుని కూర్చుంటా. ఆ అలారం దినామూ ఊరికే మోగుతాండె... నిజమని నాకు యాడ తెలుసు! రామకృష్ణన్న లోపల ఉండాడని తెలీదక్కా!"

"వీడియో?"

"నేనే తుడిచేసినా. పూజకు కట్టిన సీరియల్ లైట్లు విప్పేకి వచ్చినప్పుడు."

"నాయనకు తెలుసా?"

"స్టేషనుకు పోతానంటి. కొట్టినాడు. 'నాకు అరవై దాటింది, నువ్వు నోరెత్తితే నా పీనుగను చూస్తావు' అన్నాడు."

డెబ్బై ఎనిమిది... ఎనభై మూడు...

"ఆపక్కా! నీకు దండం పెడ్తా, ఆపు!"

నేత్ర వేలు క్యాన్సిల్ మీదికి పోతుంది.

ఒక్కసారి నొక్కితే చాలు. తమ్ముడు! చిన్నప్పుడు చంకనేసుకుని ఊరంతా తిప్పిన తమ్ముడు. వాడి మీద కొండంత కోపం వస్తోంది. అంతకు రెండింతలు జాలేస్తోంది. నొక్కితే నాయన లోపలే ఉంటాడు. నొక్కకపోతే వీడు పోతాడు. రామకృష్ణప్ప పెండ్లాం మునిరత్నమ్మ కోర్టు గేటు దగ్గర నాయన మొహాన దుమ్మెత్తి పోసింది. నాయన తుడుచుకోకుండా నిలబడ్డాడు.

తొంభై ఒకటి...

ధన్! చెక్క చీలింది.

తొంభై ఆరు...

వేలు కదల్లేదు.

నూరు!

యూపీఎస్ కీచు ఆగిపోయింది. సర్వర్ ఆగిపోయింది. భళ్ళున తలుపు విరిగి, టార్చి వెలుతురు లోపలికి దూసుకొస్తుంది.

"ఏం చేసినారు నా సర్వర్‌ను? హెడ్డాఫీసుకు నేనేం చెప్పేది?" నందీశ్ గొంతులో కోపం కన్నా భయమే ఎక్కువ. పాపం, వాడికేమీ తెలియదు. ఇంతసేపూ అనుమానించింది ఈ మనిషినా!

పునీత్ కూలబడ్డాడు. నందీశ్ ఒకసారి అక్కను, ఒకసారి తమ్ముణ్ణి చూస్తున్నాడు. ఒక నిమిషం. రెండు.

ఫోన్ మోగింది.

సుజాతమ్మ! స్పీకర్ నొక్కకుండానే ఆమె గొంతు గదంతా వినిపిస్తోంది.

"నేత్రా! చూసినానమ్మా! మీ నాయన కాదు! ఆయప్ప ఆడ లేనే లేడు! ఈ వారంలోనే బయటికి తెప్పిస్తా, నువ్వు ధైర్యంగా ఉండు!"

నేత్ర పునీత్ వైపు తిరుగుతుంది.

"సరేగానీ... ఎవురమ్మా ఆ పిల్లోడు? నీకు తెలుసునా?"

పునీత్ రెండు చేతులూ జోడించాడు. వద్దని తల ఊపుతున్నాడు.

నేత్ర వాడి కళ్ళలోకే చూస్తూ చెప్పింది.

"తెలుసు మేడం... మా తమ్ముడు."