కత్తిరించిన కొసలు

ఆ పెట్టె వచ్చాక ఎడిటర్ ఇంట్లో చాన్నాళ్లకు మళ్ళీ కాస్త అలికిడి మొదలైంది. టిఫిన్ డబ్బా కంటే కొంచెం పెద్దది, నల్లగా ఉంటుంది, లోపల రెండు హార్డ్ డిస్కులు. ఇంటిల్లిపాది ఫోటోలూ వీడియోలూ అందులో పోసేస్తే హాల్లో టీవీలోనైనా, పడగ్గదిలో ఫోన్లోనైనా చూసుకోవచ్చు. టీవీ కింది అరలో పెట్టి, తీగలు తగిలించి, ఎడిటర్ దాని ముందే చాప వేసుకుని కూర్చున్నాడు.

పెళ్ళిళ్ళ వీడియోలు ఎడిట్ చేయడం అతని బతుకుతెరువు. తన ఇంటి వీడియోలు మాత్రం భార్యే తీసేది. "మీకది పని, నాకు సరదా" అనేది. కెమెరా ఎప్పుడూ ఆవిడ చేతిలోనే ఉండబట్టి ఏ వీడియోలోనూ ఆవిడ కనిపించదు. గొంతు ఉంటుంది, నవ్వు ఉంటుంది, ఒక్కోసారి గోడ మీద నీడ ఉంటుంది. ఇప్పుడు మనిషే లేదు. జ్వరమని ఆసుపత్రికి వెళ్ళిన మనిషి మళ్ళీ గుమ్మం తొక్కలేదు.

మొన్న సొరుగులో తల్లి ఆఫీసు గుర్తింపు కార్డు దొరికితే ఆరేళ్ళ కూతురు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఈ ఆంటీ ఎవరు నాన్నా?" అంది. కార్డు మీద ఫోటోలో ఆవిడ బిగుసుకుపోయి ఉన్నమాట నిజమే. అయినా ఎడిటర్‌కి అర్థమైంది. పిల్ల తల్లి మొహం మరిచిపోతోంది. దానికి ఆ మొహాన్ని ఒక్కసారి, కదులుతూ నవ్వుతూ ఉన్నది, చూపించాలి. ఎక్కడో ఒక ముక్కలోనైనా మిగిలి ఉండకపోతుందా అని ఈ పెట్టె కొన్నాడు. పాత ఫోన్లు, మెమరీ కార్డులు, మూలపడ్డ లాప్‌టాప్ లోపలి డిస్కు, అన్నీ ఒకేసారి దాంట్లోకి ఎక్కించాడు. అదే మొహాలు పోల్చుకుని ఏరి పెడుతుందని దుకాణంవాడు చెప్పాడు.

ఎక్కించిన దగ్గర్నుంచీ పెట్టె నత్తనడక పట్టింది. ఏ వీడియో నొక్కినా తెర మీద బూడిదరంగు పలకే. లోపల డిస్కులు ఎలుక చెక్క కొరికినట్టు కరకరమంటాయి. అన్నం తింటుంటే అదే చప్పుడు, పిల్లకి జడ వేస్తుంటే అదే చప్పుడు. ఆదివారం మధ్యాహ్నం వాన మొదలయ్యేసరికి అతను ఓపిక నశించి బావమరిదికి ఫోన్ చేశాడు.

బావమరిది కంప్యూటర్లు బాగుచేస్తాడు. అక్క పోయాక ఈ ఇంటికి రావడమంటే అతనికి కాళ్ళాడవు. అయినా వచ్చాడు. తడిసిన గొడుగు గుమ్మంలో ఆనించి, పెట్టె వంక చూసి నవ్వాడు.

"నెలరోజుల తిండి ఒక్కపూటలో కుక్కితే మనిషైనా మంచం పడతాడు కదా బావా. ఒక్కో వీడియోకీ గుర్తుగా చిన్న బొమ్మ తయారుచేసుకోవాలి, ఒక్కో మొహమూ చూసుకోవాలి. ఊపిరాడక చస్తోంది పాపం."

"మరేం చేద్దాం?"

"మొహాలు వెతికే పని ఆపేస్తా. అప్పుడు పరిగెడుతుంది."

"అది ఆపితే మీ అక్క దొరకదురా."

బావమరిది నవ్వు ఆగిపోయింది. "ఏ వీడియోలోనూ అక్క లేదా బావా? చివర్లో కెమెరా తనవైపు తిప్పుకునేది కదా... నాలుక బయటపెట్టి, అంతే, అయిపోయింది అనేది."

ఎడిటర్ తల దించుకున్నాడు. ఆ చివరలు అతనే కోసేశాడు. వీడియో మొదలూ కొసా తీసేయడం అతని చేతికి పట్టిన అలవాటు. కొసలో బొమ్మ వణుకుతుంది, నేల కనిపిస్తుంది, చూసేవాడికి విసుగు. అలా శుభ్రం చేసినవి దాచి, అసలువి జాగా దండగని చెరిపేసేవాడు. "నన్నొక్క ముక్కైనా మిగల్చరా ఏమిటండీ?" అని ఆవిడ ఎన్నిసార్లు అడిగిందో. "నువ్వెక్కడికి పోతావు, ఎదురుగానే ఉంటావుగా" అనేవాడు. ఇప్పుడా మాట తలుచుకుంటే తన వేళ్ళు తనే విరుచుకోవాలనిపిస్తుంది.

బావమరిది తన లాప్‌టాప్‌ని పెట్టెకి తగిలించాడు. చాలాసేపు అందులో ఏవో చూశాడు. అతని కనుబొమలు ముడిపడ్డాయి.

"ఇంకా ఏమైనా ఎక్కిస్తున్నావా బావా?"

"లేదే. అన్నీ నిన్ననే అయిపోయాయి."

"మరి ఇది ఉన్నవి చదవట్లేదు. రాసుకుంటోంది. ఆపకుండా కొత్తదేదో రాసుకుంటోంది." ఇంటర్నెట్ తీగ లాగేశాడు. కరకర ఆగలేదు. మొహాలు వెతకడం ఆపేశాడు. ఆగలేదు. పెట్టె మీద అరచెయ్యి పెట్టి చటుక్కున వెనక్కి తీసుకున్నాడు. "వేడెక్కి ఉండాలి కదా... చల్లగా ఉందేమిటి." లాప్‌టాప్ మూసేసి, "రేపు వేరే డిస్కు తెచ్చి చూస్తాను. ఈలోగా దాన్ని ముట్టుకోకు" అని, గొడుగు తీసుకోవడం కూడా మరిచి వానలోకి వెళ్ళిపోయాడు.

ముట్టుకోవద్దంటే ఆగే స్థితిలో ఉన్నాడా అతను? టీవీ పెట్టాడు. పార్కులో కూతురు ఉయ్యాల ఊగే వీడియో నొక్కాడు. ఈసారి వెంటనే వచ్చింది. పిల్ల ఊగింది, నవ్వింది, ఉయ్యాల పైకి లేచింది. అక్కడ కోశాడు. తన కోత తనకు తెలియదా.

ఉయ్యాల కిందికి దిగింది.

అతను తెర ముందుకి జరిగాడు. ఉయ్యాల ఆగింది. బొమ్మ ఊగిసలాడింది. గడ్డి... చెప్పుల కాళ్ళు... ఆవిడ చెప్పులే. అక్కడితో ఆగిపోయింది. మరొకటి నొక్కాడు. అదీ పెరిగింది. ఇంకా కొంచెం పైకి. మోచెయ్యి, గాజు, భుజం మీద జడ. లోపల డిస్కులు కరకరమంటున్నాయి. ఎడిటర్ చేతుల్లో మొహం దాచుకుని పెద్దగా ఏడ్చాడు. భయం కాదు. పోయిందనుకున్నది తిరిగొస్తోందన్న సంతోషం. భయపడాల్సినప్పుడు సంతోషించడం మనిషికి కొత్తా?

"చిన్నీ, ఇలా రా" అని పిలిచాడు. "అమ్మని చూద్దువుగాని."

పిల్ల పరుగెత్తుకొచ్చి ఒళ్ళో కూర్చుంది. తర్వాతి వీడియో మొదలైంది. తెర మీద ఈ హాలే. ఈ చాపే. చాప మీద అతను, ఒళ్ళో పిల్ల, ఇద్దరి వీపులూ. బయట ఇదే వాన. ఎవరో గుమ్మం దగ్గర నిలబడి తీస్తున్నట్టుంది.

అతను వెనక్కి తిరిగి చూశాడు. గుమ్మంలో గొడుగు మాత్రమే ఉంది. గదిలోకి తడిజుట్టు వాసన వచ్చింది. తలంటుకున్న రోజు ఆవిడ పక్కనుంచి నడిచివెళ్తే వచ్చే వాసన.

కెమెరా తిరగడం మొదలైంది. మెల్లగా... చాలా మెల్లగా. తలుపు. గోడ. భుజం. మెడ. చెవి వెనక జుట్టు.

మొహం ఉండాల్సిన చోట బూడిదరంగు పలక ఉంది.

"ఏవండీ..." నోరు లేదు. గొంతు మాత్రం ఆవిడదే, అలిసిపోయిన గొంతు. "నా మొహం ఎక్కడ పారేశారు? చీకట్లో తడుముకుంటున్నాను."

అతను కళ్ళు మూసుకుని ఆ మొహాన్ని గుర్తు తెచ్చుకోబోయాడు. ముక్కు... కళ్ళు... ఏదీ రాలేదు. కార్డు మీది బిగుసుకున్న ఫోటో కూడా రాలేదు. తనూ మరిచిపోయాడు. ఆ దుఃఖం ముందు భయం కూడా చిన్నదైపోయింది.

"క్షమించవే" అన్నాడు గుసగుసగా. "నా దగ్గర లేదు."

పిల్ల ఇటు తిరిగి తండ్రి మెడ చుట్టూ చేతులు వేసి, భుజంలో మొహం దాచుకుంది.

"ఏడవకు నాన్నా" అంది అతని చెవిలో. "అమ్మ నన్నడిగింది. నాది తీసుకో అన్నాను."

తెర మీద పలక కదిలింది. నెమ్మదిగా, పైనుంచి కిందికి, ఒక్కో గీతా నిండుతోంది. నుదురు వచ్చింది. కనుబొమలు వచ్చాయి. కళ్ళు తెరుచుకుని అతన్నే చూశాయి. తర్వాత పెదాలు వచ్చాయి. ఆ పెదాలు నవ్వాయి. ముందు పన్ను ఒకటి ఊడి ఉంది, ఆరేళ్ళ పిల్లలకి ఊడినట్టు.

అతను కూతుర్ని గట్టిగా పట్టుకున్నాడు. భుజం మీద దాని ఊపిరి తగలడం లేదు. నున్నగా, చల్లగా ఏదో ఆనుకుని ఉంది.

"కదలొద్దంది నాన్నా" అంది పిల్ల గొంతు. "ఇంకా కొంచెమే ఉందట."

గడ్డం పట్టుకుని ఆ తలని తనవైపు తిప్పుకోవడానికి అతనికి చెయ్యి రాలేదు.