చక్కెర బిళ్ళలు

పండగ రేపనగా కృపాకుమారి పొద్దున ఏడు గంటలకే కుట్టుమిషను ముందు కూర్చుంది. ఇంకా నాలుగు జాకెట్లకు హుక్కులు కుట్టాలి, రెండింటికి చేతులే అతకలేదు. "మాది అయిందా అక్కా?" అని అప్పటికే ఇద్దరు గడపలోకి తొంగి చూసిపోయారు. ఇవన్నీ ఒక ఎత్తయితే, ఇంట్లో పోగుపడిన చాక్లెట్లు ఒక ఎత్తు.

తనకల్లు పక్కనున్న ఆ పల్లెలో వాన చినుకు పడి మూడు నెలలైంది గానీ, డిసెంబరు పుట్టింది మొదలు చాక్లెట్లు మాత్రం కురుస్తూనే ఉన్నాయి. క్యారల్స్ పాడేవాళ్ళతో వచ్చిన క్రిస్మస్ తాత గుప్పెళ్ళతో విసిరిపోయాడు. సండేస్కూల్లో పొట్లాలు పంచారు. భర్త తిప్పేష్ ఆటో నడుపుతాడు, బాడుగకు పోయిన ప్రతి ఊరి నుంచీ పిల్లలకని జేబులో ఏదో ఒకటి వేసుకొస్తాడు. ఇక ఆరేళ్ళ సారాకూ, రెండున్నరేళ్ళ రూతుకూ అన్నం ఎక్కడ సయిస్తుంది!

కృపకు పళ్ళు పుచ్చిపోతాయన్న బాధ ఒక్కటే కాదు. పోయిన క్రిస్మస్‌కి గోళీ అంత గట్టి చాక్లెట్ ఒకటి రూతు గొంతుకు అడ్డం పడింది. పిల్ల మూతి నల్లబడిపోయింది. అత్త బయమ్మ పిల్లను ముంజేతి మీద బోర్లా వేసుకుని వీపున నాలుగు చరుపులు చరిస్తే అది ఊడిపడింది. ఆ చాక్లెట్ ఇచ్చింది కూడా బయమ్మే. అమ్మ బతికించింది అన్నది తిప్పేష్‌కు గుర్తుండిపోయింది. అత్త ఇచ్చింది అన్నది కృపకు గుర్తుండిపోయింది.

అందుకే ఈ ఏడు కృప గట్టిగా కట్టుబాట్లు పెట్టింది. గుండ్రటివి, గట్టివి చిన్నదానికి అసలే లేవు. పెద్దదానికి మధ్యాహ్నం అన్నం తిన్నాక ఒక్కటి. కుదురుగా కూర్చుని తినాలి, తిన్నాక నోరు పుక్కిలించాలి. మిగిలినవన్నీ గూట్లో పైఅరన ఉన్న మందుల డబ్బాలో దాచింది. మందుల డబ్బా అంటే పిల్లలు దాని వంక చూడరు, వెతకరు అన్నది ఆమె ఆలోచన. ఆ తెలివికి తనను తానే మెచ్చుకుంది కూడా.

"కృపా, నా చక్కెర బిళ్ళ ఇయ్యమ్మా," అంటూ బయమ్మ వచ్చింది. ఆమెకు ఎనిమిదేళ్ళుగా షుగరు జబ్బు. ఆ మాత్రలకు ఆమె పెట్టుకున్న పేరు చక్కెర బిళ్ళలు. వినీ వినీ ఇంట్లో అందరికీ అదే అలవాటైపోయింది.

కృప లేచి డబ్బా మూత తీసి, చాక్లెట్ల మధ్య తడిమి, మాత్రల అట్ట బయటికి లాగి ఒకటి చిదిపి ఇచ్చింది. పక్కనే నిలబడిన సారా మెడ నిక్కించి అంతా చూసింది.

"అమా, అవ్వకు పొద్దున్నే చక్కెర బిళ్ళ ఇస్తాండావు. నాకైతే అన్నం తిన్నాకనా?"

"ఊఁ. అవ్వ పెద్దది గదా," అంది కృప, మళ్ళీ మిషను దగ్గర కూర్చుని దారం కొరుకుతూ. పిల్ల ఏమడిగిందో, తానేం చెప్పిందో ఆమె మనసుకు ఎక్కనే లేదు.

సారా మొహం చిన్నబోయేసరికి బయమ్మ ఆగలేకపోయింది. చెంగు ముడి విప్పి ఒక చాక్లెట్ తీసింది.

"అత్తా! మళ్ళీనా?"

"మెత్తందే లేమ్మా. పండగ గదా, పసిబిడ్డలు ఇప్పుడు తినకుంటే ఎప్పుడు తింటారు?"

"ఇచ్చేది నువ్వు, గుండె చేత్తో పట్టుకోని కూచునేది నేను. నా మాటకు ఈ ఇంట్లో విలువ ఉండాదా?"

"పోయినేటిదే ఇంకా పట్టుకోని ఉండావా నువ్వు?" బయమ్మ చాక్లెట్‌ను తిరిగి చెంగున ముడేసుకుంది. "సరేలేమ్మా, నీ బిడ్డలు, నీ ఇష్టం."

ఇంతలో వీధిలో నీళ్ళ ట్యాంకరు హారన్ మోగింది. బయమ్మ రెండు బిందెలు పట్టుకుని వెళ్ళిపోయింది. కృప మిషను తొక్కసాగింది. నడింట్లో స్టూలు ఈడ్చిన చప్పుడు వినపడింది.

"సారా, ఏం చేస్తాండారే?"

"ఆడుకుంటాండాం మా!"

ఆ జవాబు చాలనుకుంది. పైగా చేతి కింద చంకల కుట్టు వంకర పోతోంది, విప్పి మళ్ళీ కుట్టాలి. ట్యాంకరు దగ్గర ఎవరో గొడవ పడుతున్నారు. మనసు ఒకచోట నిలవడం లేదు.

పదకొండవుతుండగా నీళ్ళు తాగుదామని లేచి లోపలికి వెళితే, రూతు చాప మీద వాలిపోయి ఉంది. ఆ వేళకు నిద్రపోయే పిల్ల కాదు. మూతి చుట్టూ అరటిపండు అంటుకుని, పెదవి మీద లేత గులాబీ రంగు మరక కనిపించింది.

"ఏం తినిందే ఇది?"

"అవ్వ చక్కెర బిళ్ళలు తిన్నెం మా," అంది సారా, దాచడం చేతకాక. "నాకు బాగలేదు, థూ అని ఊంచేసినా."

అంతే. కృప చెవులు అక్కడికే మూసుకుపోయాయి. సరిగ్గా అప్పుడే బయమ్మ ఆఖరి బిందె నడుమున పెట్టుకుని వచ్చింది.

"వద్దు వద్దని మొత్తుకుంటాండినా ఇస్తివి గదా అత్తా! నేను అట్ల తిరగ్గానే ఇస్తివి!"

"నేనా? నేనేమీ ఈలేదమ్మా."

"బిడ్డే చెప్తాంది, అవ్వ చక్కెర బిళ్ళలంట! ఒకసారి చంపబోయింది చాల్లేదా నీకు?"

బిందె కింద పెట్టబోయిన బయమ్మ చేతులు ఆగిపోయాయి. నీళ్ళు తొణికి చీర తడిసింది. అంత మాట అన్నాక కృపకు కూడా లోపల ఎక్కడో కలుక్కుమంది. కానీ అనేసిన మాటను వెనక్కి తీసుకునే ఓపిక ఆ పొద్దు ఆమెకు లేదు.

"చంపబోయినానా..." అంది బయమ్మ మెల్లగా. "అట్లనే అనుకుంటాండావా ఇన్నాళ్ళూ? నీ నోటితోనే చెప్పినావు, మంచిదమ్మా. నేను చిలమత్తూరికి పోతా, నా కూతురి ఇంటికి. పండగ మీరే చేసుకోండి."

కృప వద్దనలేదు. బయమ్మ సంచిలో రెండు చీరలు, బైబిలు కుక్కుకుంది. పోయేటప్పుడు మాత్రలు తీసుకుందామని గూటి దగ్గరికి వెళ్ళింది. అక్కడ స్టూలు ఉంది. డబ్బా మూత పక్కన పడి ఉంది. ఆమె చాక్లెట్లన్నీ కెలికింది.

"నా చక్కెర బిళ్ళలు యాడికి పోయినాయి?"

"చెల్లి తినేసింది గదవ్వా," అంది సారా. కిటికీ పక్కన పడి ఉన్న అట్ట తెచ్చి చూపించింది. పొద్దున చిదిపింది పోగా కొత్తగా మూడు గుంతలు ఖాళీగా ఉన్నాయి. "ఒకటి నేను నాకి ఊంచేసినా. రెండు చెల్లికి అరటిపండులో పెట్టి తినిపించినా. నాకు జొరమొస్తే అమ్మ పెడ్తాది చూడు, అట్ల. తొందరగా మింగేసింది!"

చక్కెర బిళ్ళ. ఇస్తాండావు. అవ్వ పెద్దది గదా. పొద్దున తన నోటితో చెప్పిన జవాబు కృపకు ఇప్పుడు వినపడింది. "అయ్యో దేవా," అని పరిగెత్తి రూతును ఎత్తుకుంటే పిల్ల ఒళ్ళంతా చల్లటి చెమట. కళ్ళు తెరుస్తోంది, మళ్ళీ మూసేస్తోంది.

సంచి ఎక్కడ పడేసిందో, బయమ్మ అప్పటికే పిల్ల నుదురు పట్టి చూస్తోంది. "షుగర్ డౌనైతాంది. నాకు అయ్యేటప్పుడు ఇట్లనే చెమట్లు పడ్తాయి. కృపా, నూట ఎనిమిదికి ఫోన్ చెయ్. తిప్పేష్ వచ్చేదాకా కాదు, ఎదురింటి మద్దిలేటి ఆటో ఉండాదేమో చూడు, బిరీన!"

కేకలకు పక్కింటి గంగాదేవి వచ్చింది. "చింతపండు నీళ్ళు తాపండి, కక్కుతాది!" అంది. ఫోన్లో ఉన్న మనిషి వద్దంటే వద్దన్నాడు. పిల్ల మెలకువగా ఉందా, మింగగలదా అని అడిగాడు. మింగుతుందంటే చక్కెర నీళ్ళు కొంచెం కొంచెం పట్టమన్నాడు, మగతలోకి పోతే నోట్లో ఏమీ పొయ్యొద్దన్నాడు. అంబులెన్సు రావడానికి గంట పడుతుంది, ఆటో ఉంటే ఆగకుండా బయల్దేరమన్నాడు, మాత్రల అట్ట తప్పకుండా తీసుకుపొమ్మన్నాడు.

నెల రోజులుగా తీపి అంటే పామును చూసినట్టు చూసిన కృప, ఇప్పుడు చెంచాతో చక్కెర నీళ్ళు పట్టుకుని బతిమాలుతోంది. "తాగు బంగారూ. నా తల్లి కదూ. ఇంకొక్క గుటక." చెంచా పిల్ల గడ్డానికి తగిలి నీళ్ళు ఒలికిపోతున్నాయి. బయమ్మ ఆ చెంచా తీసుకుంది.

మద్దిలేటి ఆటోలో కదిరి దాకా ముప్పై కిలోమీటర్లు. సారా కృప పక్కన బిక్కచచ్చి కూర్చుంది. బయమ్మ రూతును ఒళ్ళో కూచోబెట్టుకుని నిద్రపోనివ్వకుండా మాట్లాడుతూనే ఉంది. మేక పేరేందే, మన ఇంటి రంగేందే, అవ్వ ముక్కు యాడుండాదే అని అడుగుతోంది. రూతు ఒకసారి చెయ్యెత్తి ముక్కు పట్టుకుంది. కృప అది చూసి నోట్లో కొంగు కుక్కుకుంది. ఎంత మాట అన్నది తను ఈ మనిషిని!

ఆసుపత్రిలో రక్తం చుక్క తీసి చూశారు, గ్లూకోజు పెట్టారు. అరగంటకు రూతు "అమ్మ" అని ఏడ్చింది. ఆ ఏడుపు కన్నా తియ్యనిది కృప ఇంతవరకు వినలేదు. డాక్టరమ్మ అట్ట తిప్పి చూసింది.

"ప్రమాదం తప్పింది. కానీ ఈ మందు పని రేపటి దాకా ఉంటుంది, మళ్ళీ షుగర్ పడిపోవచ్చు. రేపు కూడా ఇక్కడే ఉండాలి. ముందుగా తీపి పట్టింది ఎవరు? మంచి పని చేశారు." తర్వాత గొంతు మారింది. "ఈ మాత్రలు పిల్లల చేతికి ఎలా వచ్చాయి? ఎవరివి?"

"నావేనమ్మా," అంది బయమ్మ వెంటనే. "ముసిల్దాన్ని, యాడో పెట్టి మర్చిపోయినా. తప్పు నాదే."

బాడుగ మధ్యలో వదిలేసి అప్పుడే లోపలికి పరిగెత్తుకొచ్చిన తిప్పేష్ తల్లి వంక చూశాడు. "ఏమ్మా నువ్వు..." అని ఏదో అనబోయాడు. కృప ఊరుకుంటే సరిపోయేది. అందరూ నమ్మేవాళ్ళు. పోయినేటి సంగతి తోడుగా ఉండనే ఉంది.

"కాదు!" అంది కృప. అంత గట్టిగా వస్తుందని ఆమే అనుకోలేదు. "ఆమె కాదు మేడమ్. నేను. మందుల డబ్బాలో చాక్లెట్లు పెట్టింది నేను. అవ్వకు చక్కెర బిళ్ళ ఇస్తాండావు, నాకు అన్నం తిన్నాకనా అని బిడ్డ అడిగితే ఊఁ అనింది నేను. స్టూలు ఈడ్చేది ఇని గూడా లేయలేదు. చేసిందంతా నేను, అనింది మా అత్తను."

తిప్పేష్ వచ్చి తల్లి పక్కన నిలబడ్డాడు. డాక్టరమ్మ తిట్టలేదు. "మందులకు వేరే పెట్టె, దానికి తాళం. తీపి వేరే చోట. పిల్లల ముందు మాత్రను మాత్ర అనే అనండి, ముద్దు పేర్లు వద్దు," అని చెప్పి పక్క మంచం దగ్గరికి వెళ్ళింది.

గోడకు ఆనుకుని నిలబడిన సారా ముందుకొచ్చి అమ్మ కొంగు పట్టుకుంది. "నేను చెల్లిని చంపేసినానా మా?"

కృప మోకాళ్ళ మీద కూర్చుని దాన్ని గుండెకు హత్తుకుంది. "లేదు తల్లీ. నువ్వు చెల్లికి పంచినావు, అంతే. తప్పు చేసింది అమ్మ." అక్కడి నుంచే తలెత్తి అత్తను చూసింది. "అత్తా, నేను అనింది..."

"ఊరుకో," అంది బయమ్మ. ఆమె కళ్ళలోనూ నీళ్ళు. "అనకుండా ఉంటే నీ మనసులో అట్లనే ఉండిపోయేది గదా. నాకూ తప్పుండాది, వద్దన్న పని చేస్తి. బిడ్డను చూసినంక నాకు ఆ మాటా, గొడవా ఏదీ గుర్తుకు రాలేదు కృపా."

"నాకు ఇప్పుడు గుర్తొచ్చింది అత్తా. పోయినేడు గూడా దాని ఊపిరి నీ చేతిలోంచే తిరిగొచ్చింది. అది నేను ఒక్కసారైనా అనలేదు నీతో."

బయమ్మ కోడలి తల మీద చెయ్యి వేసింది.

సాయంత్రం ఆరవుతుండగా నర్సు వచ్చింది. "పిల్ల దగ్గర ఒక్కరే ఉండాలమ్మా, మిగతావాళ్ళు బయట వరండాలో ఉండండి. ఎవరుంటారు? తల్లివి నువ్వే కదా?"

తిప్పేష్ కృప వంక చూశాడు. బయమ్మ మెల్లగా లేచి, కోడలికి చోటిద్దామని స్టూలు పక్కకు జరిపింది.

కృప నిద్రపోతున్న రూతు చేతిని తన చేతిలోంచి తీసి, అత్త చేతిలో పెట్టింది. "మా అత్త ఉంటాది," అంది నర్సుతో. సారాను ఎత్తుకుని వరండాలోకి నడిచింది.